దారిలో తోడు

తెలుగువారి యింట రాత్రి పాలు తోడు పెట్టు వేళకు ఒక్కొక్కప్పుడు ఇంట తోడు ఉండదు. అప్పుడు ఇల్లాలు చిన్న గిన్నె చేతబట్టి పొరుగింటికి పోయి చెంచెడు పెరుగు తెచ్చుకొనును. ఆ చెంచెడు పెరుగును ఆమె తిరిగి ఇచ్చుట లేదు. ఇచ్చినవారు అడుగుటయు లేదు. మరియొకనాడు మరియొక యింటివారు గిన్నెతో వచ్చినప్పుడు ఆమె వారికి ఇచ్చును. ఇట్లు ఒక వీధిలోని పెరుగంతయు, ఏనాటిదో ఏ యింటిదో ఎవరును చెప్పజాలని యొక తోడునుండి పుట్టుచు వచ్చును. దారిలో వెంట నుండు మనుష్యునికి కూడ మన భాషలో ఈ మాటయే వాడుదురు. హిందీలో వెంట నుండుట సాథ్. పాలలో వేయునది జామన్. ఆ రెండు మాటలకు సంబంధమే లేదు. తెలుగున రెండింటికిని పేరొకటియే. దూరపు బాటలలో మోటారు సైకిళ్లపై తిరుగువారి నడుమ నడచు దయను గూర్చి ఆలోచించినప్పుడు, ఈ రెండర్థములును ఒకటే యని తోచును.

ఉత్తరాఖండములోని సితార్‌గంజ్ వద్ద బయలుదేరిన 30వ నంబరు జాతీయ రహదారి లక్నో, ప్రయాగ, జబల్‌పూర్, రాయ్‌పూర్‌ల మీదుగా దక్షిణమునకు దిగి, బస్తరు సీమను నిలువున దాటి, విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమున ముగియును. బస్తరు చూడగోరు తెలుగువాడు ఈ దారినే ఎదురెక్కి పోవలెను. మైలవరము, తిరువూరు, కొత్తగూడెము, భద్రాచలము దాటిన పిమ్మట ఊళ్లు పలుచనై అడవి చిక్కనగును. చింతూరు గడచిన కొంత సేపటికి కోంట వచ్చును. ఆ చేరువనే శబరీనదిలో సీలేరు కలియును; ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడును ఆ నీటి యొడ్డున ఒకదాని నొకటి తాకుచుండును. కోంట అంగళ్లలో ఇంకను తెలుగు వినబడును. దోర్నాపాల్, సుక్మా దాటునప్పటికి తెలుగు తగ్గి గోండీ, హల్బీ, హిందీ వినవచ్చును. ఆ పైన తోంగ్‌పాల్, దర్భా కనుమ; కనుమ దిగిన జగదల్‌పూర్.

ఈ సీమకును తెలుగుదేశమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యము నిలిపినాడని బస్తరు రాజవంశపు సంప్రదాయము చెప్పును. దంతేశ్వరీదేవి అతని వెంట నడచి వచ్చెనట. అతడు ముందు నడువవలెను, వెనుదిరిగి చూడరాదు, అందెల సవ్వడియే ఆమె వెంట నున్నదనుటకు గురుతు. శంఖినీ డంకినీ నదులు కలియుచోట దేవి పాదములు ఇసుకలో దిగబడి అందెల చప్పుడు నిలిచిపోయెను. తోడు తప్పినదేమో యని రాజు వెనుదిరిగి చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. అదియే దంతేవాడ. బాటసారికి తోడు ఎంత గొప్పదో, అది ఎంత సులువుగా తప్పిపోవునో చెప్పుటకు ఇంతకు మించిన కథ లేదు.

నేడు ఈ బాటపై వచ్చువారు మోటారు సైకిలు యాత్రికులు. వానకాలము ముగియు దినములలో రాయ్‌పూర్ నుండి కేశకాల్ కనుమ మలుపులు ఎక్కి, విశాఖపట్నము నుండి తూర్పు కొండలు దాటి, హైదరాబాదు నుండి గోదావరి దాటి వీరు చిత్రకోటకు వత్తురు. ఇంద్రావతి అచ్చట దాదాపు 29 మీటర్ల యెత్తునుండి ఎర్రని నీటితో ఒక్కుమ్మడి దూకును. ఈ యాత్రికులలో ఉద్యోగులు, వర్తకులు, విద్యార్థులు, ఉద్యోగము విరమించినవారు గలరు. వారికొక సంఘమున్నను లేకున్నను ఒక మర్యాద మాత్రము కలదు. ఎదురుపడినప్పుడు చేయి యెత్తుదురు. దారి ప్రక్క ఆగిన బండి కనబడిన వేగము తగ్గించి, కుశలమే కదా యని బొటనవ్రేలితో సైగ చేసి అడుగుదురు. తన బండికి అక్కరలేకున్నను ఒక క్లచ్ వైరు, ఒక ప్లగ్గు అదనముగా సంచిలో ఉంచుకొనువాడు వారిలో పెద్దగా లెక్కింపబడును. కారులో పోవువానికి అద్దములున్నవి; అతడు లోకమును చూచుచు పోవును. రెండు చక్రములపై పోవువానికి అడ్డమేమియు లేదు. వాన వచ్చిన తడియును, దుమ్ము లేచిన మూతిపై పడును, కుక్క అడ్డము వచ్చిన ప్రాణము మీదికి వచ్చును. ఈ నిరాధారత అందరికి సమానము గనుక ఒకని కష్టము మరియొకనికి వెంటనే అర్థమగును.

లోకములో దూరప్రయాణము చేసి పేరెక్కినవారి చరిత్రలు చూచినను ఇదియే కనబడును. అమెరికా యువకుడు రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ 1932లో లండన్ నుండి డగ్లస్ మోటారు సైకిలుపై బయలుదేరి, ఎడారులు దాటి, మన దేశము మీదుగా తూర్పునకు సాగిపోయెను. 1952లో చే గువేరా, అల్బెర్టో గ్రనాడో అను మిత్రులిద్దరు పాత నార్టన్ బండిపై దక్షిణ అమెరికా చూడ బయలుదేరిరి. ఆ బండి చిలీ దేశములో పూర్తిగా చెడిపోయెను. పిమ్మటి యాత్రయంతయు లారీలవారి దయవలనను, ఊరివారి అన్నమువలనను సాగెను. 1973లో బయలుదేరిన టెడ్ సైమన్ నాలుగేండ్లు తిరిగి, దాదాపు లక్ష కిలోమీటర్లు పోయి, నలువదికి పైగా దేశములు చూచెను. వీరి యాత్రలలో బండి సక్రమముగా నడచిన దినములు చెప్పుకొనదగినవి కావు. బండి ఆగినచోటనే మనుష్యులు కనబడిరి.

కొలది యేండ్ల క్రిందట విజయవాడ ప్రాంతము నుండి ఏబది దాటిన ప్రయాణికుడొకడు తన పాత బుల్లెట్టుపై బస్తరు దసరా చూడబోయెను. మన దసరాకును ఆ దసరాకును పోలిక తక్కువ. అచ్చట రాముడు లేడు, రావణుడు లేడు. అది దంతేశ్వరి పండుగ. శ్రావణములో ఆరంభమై 75 దినములు జరుగును. ఊరూరి దేవతలును జగదల్‌పూర్ చేరుదురు. అడవి జనులు చేసిన పెద్ద కొయ్యరథమును అడవి జనులే లాగుదురు. ఆ ప్రయాణికుడు ఇవి యన్నియు పుస్తకములలో చదివినవాడు, హిందీ బాగుగా వచ్చినవాడు. మద్రాసులో 1955 మొదలు తయారగుచు వచ్చిన బండ్ల కోవకు చెందినది అతని వాహనము. దాని ప్రతి మరయు తనకు తెలియునని అతనికి కొంత గర్వము కూడ నుండెను.

సుక్మా దాటి తోంగ్‌పాల్ ఇంక ఎనిమిది కిలోమీటర్లు ఉన్నదనగా వెనుక చక్రము గాలి పోయి బండి తూగులాడెను. సమయము మూడు గంటలు. ఇరుప్రక్కల సాలవృక్షములు. సెల్‌ఫోనుకు సంకేతము అందలేదు. బుల్లెట్టు వెనుక చక్రము ఒంటరిగా ఊడదీసి బిగించుట ఆ వయసున చిన్న పని కాదు. ఊడదీసినను దానిని మోసికొని ఎనిమిది కిలోమీటర్లు నడుచుట అసలే కాదు. విదేశపు యాత్రికులలో ఒక సంకేతము కలదని అతడు వినియుండెను: సాయము కావలసినవాడు హెల్మెట్టును బండి వెనుక నేలపై ఉంచవలెను, తోటివాడు చూచి ఆగును. అతడట్లే చేసెను. ఒక కారు వచ్చి పోయెను. ఒక లారీ వచ్చి, హెల్మెట్టును తప్పించుకొని పోయెను.

పిమ్మట ఒక చిన్న మోటారు సైకిలు వచ్చెను. ముందు మగడు, వెనుక భార్య, నడుమ నాలుగేండ్ల పిల్లవాడు. హ్యాండిలుకు వ్రేలాడు వెదురుబుట్టలో ఒక కోడిపుంజు. సంతనుండి వచ్చుచున్నారు కాబోలు. అతడు బండి దిగి మొట్టమొదట చేసిన పని, దారిలోనున్న హెల్మెట్టును తీసి, దుమ్ము దులిపి, గట్టుపై పెట్టుట. పాపము అది జారిపడినదని అతడనుకొనెను. ఆ సంకేతము అతనికి తెలియదు, అయినను ఆగెను. ప్రయాణికుడు హిందీలో మాట వెదకికొనుచుండగా ఆ మనుష్యుడు చక్రమువంక చూచి, "ఏమైంది సారూ, గాలి పోయిందా?" అనెను.

అచ్చట తెలుగు వినబడునని ప్రయాణికుడు కలనైన తలపలేదు. ఎచ్చట నేర్చితివని అడుగగా, "మిరప చేన్లకు వస్తం సారూ. ఏటేటా వస్తం. భద్రాచలం దిక్కు, ములుగు దిక్కు" అని చెప్పెను.

మిరపకాయ ఎర్రబడు దినములలో సుక్మా, బీజాపూర్ జిల్లాలనుండి వేలకొలది కూలీలు గోదావరి దాటి తెలంగాణకు వత్తురు. నెల రెండు నెలలు చేలగట్లపై గుడిసెలు వేసికొని యుందురు. వారికి మన భాష బడిలో రాలేదు, పాటలో రాలేదు. కొయ్యి, మొయ్యి, తొందరగా కానియ్యి అను మాటలలో వచ్చినది. అట్లు నేర్చిన భాషతో ఆ మనుష్యుడు ఆ దినము పని చెప్పెను: "చక్రం ఊడదీద్దాం. తోంగ్‌పాల్‌ల పంక్చరు దుకాణం ఉంది. మనిద్దరం పోదాం. ఇంటామె ఈడ కూసుంటది."

ఇద్దరును చేరి, చైను తప్పించి, బ్రేకు కడ్డీ విప్పి చక్రము ఊడదీసిరి. ఆపై బయలుదేరు వేళ ప్రయాణికుడు తన సంచివంక చూచెను. అందులో డబ్బు, కాగితములు, కెమెరా కలవు. చక్రమును ఒడిలో పట్టుకొనవలెను. సంచిని కూడ మోయుటకు వీలు కాదు. అతడు సంచి తాడు పట్టుకొని క్షణము తటపటాయించెను. ఆ క్షణమందే ఆ మనుష్యుడు భార్యతో ఏదో రెండు మాటలు చెప్పి, పిల్లవానిని దింపి చెట్టునీడను కూర్చుండబెట్టి, బండి కిక్కు కొట్టెను. అడవిదారిలో, ముక్కు మొగము తెలియని పరదేశి వస్తువుల చెంత, ఆలుబిడ్డలను విడుచుటకు అతడు తటపటాయింపలేదు. సంచిని గూర్చి వీడు తటపటాయించెను. ఈ సంగతి ఆ మనుష్యుడు గమనించెనో లేదో తెలియదు. ప్రయాణికుడు గమనించెను. ఆ దినమున అతడు నేర్చినదంతయు ఆ క్షణములోనే కలదు.

దారిలో ఆ మనుష్యుడు వెనుదిరుగకుండ గాలిలోనే మాట్లాడుచు పోయెను. ఈ యేడు కాపు ఎట్లున్నదని అడిగెను, కూలి రేటు పెరుగునా యని అడిగెను. కొంతసేపటికి, ఏ తగవును లేని గొంతుతో, "కరోనా ఏడు మేం నడిచొచ్చినం అన్నా. నాలుగు రోజులు. రోడ్డెక్కితే ఆపుతరని అడవిలకెల్లి నడిచినం. బండ్లు లేవు. ఉన్నవి ఆగలే" అనెను. చేనులో నేర్చిన సారూ అను పిలుపు దారిలో అన్నా యని మారినది. ప్రయాణికుడు బదులు చెప్పలేకపోయెను.

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు మిరప కూలీలు చేలలోనే చిక్కుపడిరి. ములుగు జిల్లానుండి బీజాపూర్ జిల్లాలోని తన యూరికి తోటివారితో అడవిదారిన మూడు దినములు నడచిన పన్నెండేండ్ల బాలిక ఒకతె, ఊరు ఇంక కొలది దూరములో నున్నదనగా, ఏప్రిల్ 18న ప్రాణము విడిచెను. ఆ వార్త దేశమంతయు చదివెను, విచారించెను. తన వెనుకనున్న ఖాళీ సీటును తలచుకొన్నవారెందరో చెప్పలేము.

తోంగ్‌పాల్‌లో ట్యూబు చినిగిపోయినదని తేలెను. క్రొత్తది వేయించుకొని వారు మరలి వచ్చునప్పటికి గంటన్నర గడచెను. ఆ ఇల్లాలు సంచిని నీడలోనికి జరిపి, ఎండ మారిన కొలది దానిని మార్చుచు, తాను ప్రక్కన కూర్చుండియుండెను. పిల్లవాడు హెల్మెట్టులో తల దూర్చి నిద్రపోవుచుండెను. చక్రము బిగించిన పిమ్మట ప్రయాణికుడు 500 రూపాయల నోటు తీసి చాపెను. ఆ మనుష్యుడు నోటువంక కాదు, మొగమువంక చూచి, "కూలి కాదు గదన్నా" అనెను. నోటు చాపిన చేయి ఏమి చేయవలెనో తోపక అట్లే నిలిచెను. ఆ యిబ్బందిని తీర్చుటకో యన్నట్లు అతడే, "ఆ పాత ట్యూబు నీకు పని లేకుంటే ఇయ్యి. మోపులు కట్టుకోను పనికొస్తది" అని అడిగి పుచ్చుకొనెను. చినిగిన ట్యూబును బుట్టకు చుట్టి, జోహార్ అని చేతులు జోడించి, నలుగురును, అనగా పుంజుతో కలిపి, సాలవనములో మలుపు తిరిగిరి.

జోహారు మనకు తెలియని మాట కాదు. తెలుగున దానిని గొప్పవారికి, ముఖ్యముగా గతించినవారికి అర్పింతుము. సభలలో నినాదముగా పలుకుదుము. బస్తరులో దారిన పోవు ప్రతి మనుష్యునికి, అతడు బ్రతికి యుండగనే, అది చెల్లుచున్నది.

అయితే, ఇది అడవివారి స్వభావసిద్ధమైన మంచితనమని మురిసికొని ఊరకుండుట వారికి న్యాయము కాదు. అట్లనినచో వారు చేసిన పని విలువ తగ్గును. బస్తరులో ఆగుట సులభమైన పని కాదు. ఆ దర్భా ప్రాంతములోనే ఝీరమ్ కనుమలో 2013 మే 25న, సుక్మా సభనుండి జగదల్‌పూర్ పోవుచున్న రాజకీయ నాయకుల వాహనశ్రేణిపై మావోయిస్టులు దాడి చేయగా ఇరువదియైదుమందికి పైగా మరణించిరి. ఏండ్ల తరబడి ఈ సీమలో దారియే యుద్ధభూమి. ఒకరు దారి వేయుదురు, మరియొకరు త్రవ్వుదురు. తారు క్రింద మందుపాతర యుండవచ్చునను భయముచేత సాయుధ దళములు పెద్ద వాహనములు మాని మోటారు సైకిళ్లపై తిరుగుటయు కలదు. ఆయుధము దాచుకొని సంతకు వచ్చి పొడిచిపోవువాడును మోటారు సైకిలుపైననే వచ్చును. ఇట్టిచోట అపరిచితుని చెంత ఆగినవానిని ఇరుపక్షములవారును ప్రశ్నింపవచ్చును: అతడెవరు? నీకేల అతనితో మాట? ఏమి మోసినావు? ఈ ప్రశ్నలకు వెరచి ఆగకుండ పోయినవానిని తప్పుపట్టుటకు వీలు లేదు. కనుక ఆగినవాడు కేవలము మంచివాడు కాడు, ధైర్యవంతుడు.

ఇక అదే మోటారు సైకిలు బస్తరులో ఎడ్లబండి స్థానమును, డోలీ స్థానమును ఆక్రమించినది. చింతపండు బస్తాలు, ఇప్పపువ్వు, తునికాకు కట్టలు, మేకలు, పెండ్లివారు, రోగులు అందరును దానిపైననే. పెట్రోలు బంకు లేని యూళ్లలో చిల్లర అంగడి ముందు నీళ్ల సీసాలలో పెట్రోలు వరుసగా నిలిచియుండును. నారాయణపూర్ జిల్లాలో పెద్ద వాహనము పోజాలని దారులలో గర్భిణులను ఆసుపత్రికి చేర్చుటకు ప్రక్కబండి తగిలించిన మోటారు సైకిళ్లను వాడినారు. 2021 జనవరిలో కేంద్ర రిజర్వు పోలీసు దళమును, రక్షణ పరిశోధన సంస్థయు కలిసి రక్షిత యను పేర ఇట్టి వాహనమునే సిద్ధము చేసినవి. బెంగాలులోని జల్పాయిగుడి ప్రాంతమున కరీముల్ హక్ అను తేయాకు తోట కార్మికుడు, వాహనము దొరకక తల్లిని పోగొట్టుకొన్న దుఃఖముతో, తన బండిపై రోగులను మోయ నారంభించి 2017లో పద్మశ్రీ పొందినాడు. అతడు తల్లికి చేయలేనిది ఇతరులకు చేసినాడు. తోడు అనునది ఇట్లే కదలును: రావలసినచోటికి రాక, పోవలసినచోటికి పోవును.

2021 ఏప్రిల్ 3న బీజాపూర్, సుక్మా జిల్లాల సరిహద్దున జరిగిన పోరులో 22 మంది జవానులు మరణించిరి. రాకేశ్వర్ సింగ్ మన్హాస్ అను జవాను మావోయిస్టులకు చిక్కెను. జగదల్‌పూర్‌లో ఆశ్రమ పాఠశాలలు నడపిన వృద్ధుడు ధర్మపాల్ సైనీ, గోండు పెద్ద తేలం బోరయ్య, స్థానిక పత్రికా రచయితలు కొందరు అడవిలోనికి పోయి మాట్లాడి ఏప్రిల్ 8న అతనిని విడిపించిరి. ఆ జవాను తిరిగి వచ్చినది ఏ సాయుధ వాహనములోను కాదు. పత్రికా రచయితల మోటారు సైకిలుపై వెనుక కూర్చుండి. ఆ పత్రికా రచయితలలో బీజాపూర్‌కు చెందిన ముకేశ్ చంద్రాకర్ ఒకడు. ఆ సీమలోని ఒక రహదారి పని నాణ్యతను గూర్చిన వార్త వెలువడిన కొలది దినములకు, 2025 జనవరి 1న, అతడు కనబడకపోయెను. 3వ తేదీన ఒక గుత్తేదారు స్థలములోని సెప్టిక్ ట్యాంకులో అతని మృతదేహము దొరకెను. ఇతరులను దారి దాటించుటకు పోయినవాడు ఒక దారి కథ చెప్పిన పిమ్మట మరలి రాలేదు. మనము జోహారు అను మాటను ఏ యర్థములో వాడుదుమో ఆ యర్థమున అతనికి చెల్లును.

దంతేవాడ దారిలో చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లు, కొయ్యస్తంభములు కనబడును. వానిపై గతించినవాడు బ్రదికిన బ్రదుకంతయు బొమ్మలుగా వ్రాయుదురు: పశువులు, పక్షులు, వేట, నాట్యము, ఇటీవలి వానిపై వాహనములు. వాడెంత గడించినాడో వానిపై ఉండదు.

దసరా చూచి ప్రయాణికుడు మరలి వచ్చుచుండెను. అదే దారి, సుక్మా, కోంట, చింతూరు. భద్రాచలము వంతెన దాటునప్పటికి రాత్రి ఎనిమిది గంటలు దాటెను. పాల్వంచ వైపు అడవిదారిలో అతని దీపపు వెలుగున ఒక ఆగిన మోటారు సైకిలు కనబడెను. ప్రక్కను ముగ్గురు మగవారు. ఒకడు చేయి యూపెను. ప్రయాణికుని చేయి బ్రేకుపైకి పోయెను. పిమ్మట, అదే చేయి, తానై యన్నట్లు, వేగము పెంచెను. ముగ్గురు; రాత్రి; అడవి; సంచిలో డబ్బు. ఈ లెక్క యంతయు రెప్పపాటులో జరిగెను. వెనుకనుండి ఏదో కేక వినబడినది గాని ఏ భాషలోనో తెలియలేదు.

రెండు కిలోమీటర్లు పోయిన తరువాత అతడు బండి ఆపెను. తోంగ్‌పాల్ దారిలో సంచి తాడు పట్టుకొన్న క్షణము జ్ఞాపకము వచ్చెను. బండ్లున్నవి, ఆగలేదు అను మాట జ్ఞాపకము వచ్చెను. ఆ ముగ్గురును కూడ ఏ చేనికో, ఏ యిటుకల బట్టీకో పోవు మనుష్యులు కావచ్చును. కాకపోవచ్చును. అది ఆగి చూచినగాని తెలియదు. అతడు బండి త్రిప్పి వెనుకకు పోయెను. అచ్చట ఎవరును లేరు. వేరెవరైనా ఆగిరో, వారే బాగుచేసికొని పోయిరో తెలియలేదు. అతడు దీపము వెలుగుచుండగనే కొంతసేపు నిలిచి, మరల బయలుదేరెను.

అన్నమదేవుడు వెనుదిరిగి చూచి తోడు పోగొట్టుకొనెను. ఈ ప్రయాణికుడు వెనుదిరిగి చూడవలసిన వేళ చూడక పోగొట్టుకొనెను. రాజునకు దేవి శాసించిన నియమము ఒకటి. రహదారి సామాన్యునికి విధించు నియమము వేరొకటి. చూడవలెను, ఆగవలెను, అడుగవలెను. భయము లేకపోవుట వలన కాదు, భయముండగనే. ఆ సాలవనపు మనుష్యునికి భయము లేదని ఎవరు చెప్పగలరు?

ఆ దినమునుండి ఆ ప్రయాణికుడు ఎన్ని బండ్ల ముందు ఆగెనో లెక్క చెప్పుట ఈ కథకు అవసరము కాదు. ఆగియే యుండును. కాని పాల్వంచ అడవిదారిలో ఇయ్యవలసినది ఇయ్యలేదు. అది యిక అచ్చట ఇయ్యబడదు. ఇల్లాళ్లకు ఇది బాగుగా తెలియును. తెచ్చుకొన్న తోడును నాటి పాలలో నాడే వేయవలెను, అడిగినవారికి అడిగినప్పుడే ఇయ్యవలెను. రేపటికని గిన్నెలో దాచినచో అది ఎచ్చటికిని పోదు. అచ్చటనే యుండి పులియును.